జీతం లేని సెలవా, పనిలోంచి తీసివేతా?

పని తగ్గినప్పుడు యాజమాన్యాల మాట ఇంచుమించు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది. "ఆర్డర్లు లేవు. కొన్నాళ్ళు జీతం లేకుండా సెలవు పెట్టండి. పరిస్థితి బాగుపడగానే పిలుస్తాం. కుదరదంటే కొంతమందిని తీసెయ్యక తప్పదు." వినడానికి ఇది రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నట్టు ఉంటుంది. సెలవు మాటలో కాస్త దయ కూడా ధ్వనిస్తుంది. చాలామంది స్త్రీలు సెలవు కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్తారు. తీసేశారన్న మాట పడలేదు కదా అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ సంతకంతో ఏమి వదులుకున్నారో చెప్పేవాళ్ళు ఆ సమయంలో పక్కన ఉండరు.

సంఘటిత పరిశ్రమల్లో పనిచేసే మగవాళ్ళకైతే ఈ సంగతి మాట్లాడటానికి ట్రేడ్ యూనియన్ ఉంటుంది. దుస్తుల ఫ్యాక్టరీల్లో, రొయ్యల ప్లాంట్లలో, ప్రైవేటు బడుల్లో పనిచేసే స్త్రీలలో అత్యధికులకు యూనియన్ లేదు. అందుకే ఈ ప్రశ్న మహిళా సంఘాల దగ్గరికి, స్వచ్ఛంద సంస్థల దగ్గరికి వస్తుంది. అదీ ఆలస్యంగా, సంతకం అయిపోయాక వస్తుంది. ముందే వస్తే ఏం చెప్పాలన్నది ఈ సంపాదకీయం విషయం.

పని తగ్గడం ఎప్పుడో ఒకసారి వచ్చిపడే ఉపద్రవం కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు దేశమంతా ఒక్కసారిగా పని ఆగిపోయింది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ రొయ్యలు ఎగుమతి చేసే కోస్తా ఆంధ్రకు నేరుగా తగిలింది. రొయ్య ధర గురించి, రైతు నష్టం గురించి చర్చ జరిగింది. అది జరగవలసిందే. కాని చల్లటి నీళ్ళలో చేతులు నానబెట్టుకుని తలలు తీసి, తొక్కలు ఒలిచి, కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్ళ మాట ఆ చర్చలో పెద్దగా వినబడలేదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చేసే స్త్రీలకు పని తగ్గడమన్నది ఏళ్ళ తరబడి నడుస్తున్న కథ. అక్కడ సెలవన్న మాట గాని, తీసివేత అన్న మాట గాని ఎవరూ అనరు. కార్ఖానాలో ఆకు, తంబాకు తక్కువ ఇస్తారు, అంతే. నెలలో పని దొరికే రోజులు తరిగిపోతాయి.

జీతం లేని సెలవు వైపు స్త్రీలు ఎందుకు మొగ్గుతారన్నది ముందు అర్థం చేసుకోవాలి. అది అమాయకత్వం కాదు. రిజిస్టరులో పేరు ఉంటే రేపు మళ్ళీ వెళ్ళవచ్చన్న ఆశ ఉంటుంది. తీసేశారంటే ఊళ్ళో పదిమందీ పదిరకాలుగా అనుకుంటారన్న భయం ఉంటుంది. అత్తగారింట్లో ఉద్యోగం చేయడానికి ఎంతో పోరాడి ఒప్పించుకున్న స్త్రీకి, ఒకసారి ఉద్యోగం పోయిందంటే మళ్ళీ గడప దాటనివ్వరని తెలుసు. ఆమెకు సెలవు అన్న మాట ఒక రక్షణ. "ఉద్యోగం ఉంది, ఇప్పుడు సెలవులో ఉన్నాను" అని చెప్పుకోవడానికి వీలవుతుంది. ఈ లెక్కను మనం తేలిగ్గా తీసిపారెయ్యకూడదు.

అయితే యాజమాన్యం లెక్క వేరు. "ఆడవాళ్ళే కదా, భర్త సంపాదన ఉంటుంది, ఇంట్లో పని ఉండనే ఉంటుంది" అన్న ఊహ మీద ఆ లెక్క నిలబడి ఉంది. స్త్రీ సంపాదన పైసంపాదన అన్న భావం పితృస్వామ్యం ఇంట్లో నేర్పిన పాఠం. ఫ్యాక్టరీ దాన్ని అక్కడినుంచి అరువు తెచ్చుకుని తన ఖర్చు తగ్గించుకోవడానికి వాడుకుంటుంది. ఒంటరి స్త్రీలు, భర్త వదిలేసిన వాళ్ళు, వితంతువులు, తాగుబోతు భర్తతో సంసారం లాగే వాళ్ళు ఆ ఫ్యాక్టరీలో ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్క చూడరు.

ఇంతకీ దానిని సెలవు అనవచ్చా? 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పని మీద గడుపుతున్నారు. అదే పని చేసే పురుషులు గడిపేది 88 నిమిషాలు. ఫ్యాక్టరీ మానేసి ఇంట్లో ఉన్న మొదటి వారంలోనే పిల్లల్ని చూసుకోవడం, జబ్బు మనిషికి సేవ చేయడం, నీళ్ళు, కట్టెలు అన్నీ తిరిగి ఆమె మీద పడతాయి. మూడు నెలల తరవాత ఫ్యాక్టరీ పిలిచినా ఆ పనులు వదిలించుకుని బయటపడటం కష్టం. జీతం ఆగింది గాని పని ఆగలేదు. ఆ మూడు నెలలు సంసారం చిట్టీ అప్పులతో, మైక్రోఫైనాన్సు వాయిదాలతో గడుస్తుంది. వ్యాపారంలో లాభం వచ్చినప్పుడు పంచుకోని యజమాని, పని తగ్గినప్పుడు నష్టాన్ని మాత్రం ఆమె వంటింటికి పంపించాడన్న మాట.

ఇక చట్టం సంగతి. పని లేక యాజమాన్యం కార్మికురాలిని తాత్కాలికంగా పనిలోంచి ఆపితే దాని పేరు సెలవు కాదు, లే-ఆఫ్. సెలవు కార్మికురాలు తన అవసరం కోసం అడిగేది. లే-ఆఫ్ యాజమాన్యం పని ఇవ్వలేక చేసేది. ముడిసరుకు లేకపోవడం, కరెంటు లేకపోవడం, సరుకు అమ్ముడుపోక పేరుకుపోవడం, యంత్రాలు చెడిపోవడం వంటివన్నీ ఆ నిర్వచనంలో ఉన్నాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణతో లే-ఆఫ్‌లో ఉన్న కార్మికులకు పరిహారం హక్కుగా వచ్చింది. ఏడాది సర్వీసు నిండి, పేరు మస్టర్ రోలులో ఉన్న కార్మికురాలికి మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం ఇవ్వాలి. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఈ సగం జీతం హక్కు అందులోనూ కొనసాగింది.

కాబట్టి యాజమాన్యం చెప్పే రెండు దారుల మధ్య మూడోది ఒకటి ఉంది. దాని పేరు మనకు చెప్పరు. "సెలవు పెట్టండి" అనడంలోని కిటుకంతా ఇదే. కార్మికురాలు తానే దరఖాస్తు రాసి ఇస్తే, పని ఇవ్వలేకపోయింది యాజమాన్యం కాదు, పనికి రానన్నది ఆమె అవుతుంది. సగం జీతం బాధ్యత అక్కడికక్కడే మాయమైపోతుంది.

పోయేది సగం జీతం ఒక్కటే అయితే ఇంత రాయవలసిన పని లేదు. ప్రసూతి ప్రయోజనాల సంగతి చూడండి. 1961 నాటి చట్టం ప్రకారం కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటేనే ప్రసూతి జీతం వస్తుంది. ఆ 80 రోజుల లెక్కలో లే-ఆఫ్‌లో ఉన్న రోజులను కూడా కలపాలని ఆ చట్టమే వివరణ ఇచ్చింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా అదే నియమాన్ని తీసుకుంది. సొంతంగా అడిగి పెట్టిన జీతం లేని సెలవుకు ఆ వెసులుబాటు లేదు. అంటే ఒకే ఫ్యాక్టరీలో, ఒకే కారణంతో, ఒకే మూడు నెలలు ఇంట్లో కూర్చున్న ఇద్దరు గర్భిణుల్లో లే-ఆఫ్ కాగితం ఉన్నామెకు ప్రసూతి జీతం రావచ్చు, సెలవు కాగితం మీద సంతకం పెట్టినామెకు రాకపోవచ్చు. తేడా అంతా కాగితం మీద రాసిన ఒక్క మాటలో ఉంది.

ఇ.ఎస్.ఐ. కూడా ఇంతే. ఇ.ఎస్.ఐ. చట్టం వేతనానికి ఇచ్చిన నిర్వచనంలో లే-ఆఫ్ కాలానికి ఇచ్చే డబ్బు కూడా చేరి ఉండేది. దాని మీద చందా కడితే ఆ రోజులు లెక్కలోకి వచ్చేవి. ఇ.ఎస్.ఐ. నుంచి జబ్బు భత్యం రావాలంటే ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు, ప్రసూతి భత్యం రావాలంటే రెండు చందా కాలాల్లో కలిపి 70 రోజులకు చందా కట్టి ఉండాలి. జీతం లేని సెలవులో జీతమే లేదు కాబట్టి చందా లేదు. గ్రాట్యుటీకి, తీసివేత పరిహారానికి ఆధారమైన 240 రోజుల లెక్కలోనూ చట్టబద్ధంగా లే-ఆఫ్ చేసిన రోజులు పనిచేసినట్టే లెక్క. జీతం లేని సెలవు రోజులు అలా కలవవు.

ఇప్పుడు తీసివేతతో పోల్చి చూద్దాం. ఉదాహరణకు మూల వేతనం, కరువు భత్యం కలిపి నెలకు 12,000 రూపాయలు వచ్చే, ఆరేళ్ళ సర్వీసు నిండిన కార్మికురాలిని తీసుకుందాం. ఫ్యాక్టరీలో 50 మందికి పైగా ఉన్నారు. మూడు నెలలు పని లేదు. జీతం లేని సెలవైతే ఆమెకు వచ్చేది సున్నా, పోయేది 36,000. లే-ఆఫ్ అయితే ఉజ్జాయింపుగా 18,000 వస్తుంది, సర్వీసు నిలుస్తుంది. చట్టప్రకారం తీసేస్తే నెల నోటీసు, లేదా దానికి బదులు 12,000 రావాలి. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం లెక్కన ఆరేళ్ళకు 36,000 పరిహారం రావాలి. గ్రాట్యుటీ సుమారు 41,500. కొత్త కోడ్ ప్రకారం పునర్నైపుణ్య నిధి నుంచి ఇంకో 15 రోజుల జీతం, అంటే దగ్గర దగ్గర 6,000 ఆమె ఖాతాలో పడాలి. మొత్తం 95,000 దాటుతుంది.

ఇందులోనే అసలు ప్రమాదం ఉంది. జీతం లేని సెలవు మూడు నెలలు ఆరు నెలలవుతుంది. ఆమె ఎదురుచూసి, విసిగి, మరోచోట పని చూసుకుని "రాజీనామా" రాసి ఇస్తుంది. లేదా పిలిచినప్పుడు రాలేదని పేరు కొట్టేస్తారు. రాజీనామా చేసిన మనిషికి నోటీసు జీతం లేదు, పరిహారం లేదు, నిధి లేదు. పై ఉదాహరణలో ఆమె చేతికి వచ్చేది గ్రాట్యుటీ ఒక్కటే. 54,000 రూపాయలు యాజమాన్యానికి మిగిలిపోతాయి. ఎవరినీ తీసెయ్యకుండానే తీసేసే పద్ధతి ఇది. అందువల్ల జీతం లేని సెలవును తీసివేతకు ప్రత్యామ్నాయమని అనుకోకూడదు. చాలా సందర్భాల్లో అది తీసివేతకు ఖర్చులేని దారి.

అలాగని తీసివేతే మేలని అందరికీ ఒకే సలహా ఇవ్వలేం. ఐదేళ్ళ సర్వీసుకు కొన్ని నెలల దూరంలో ఉన్న మనిషి ఇప్పుడు బయటికి వస్తే గ్రాట్యుటీ పోగొట్టుకుంటుంది. గర్భిణికి పేరు రిజిస్టరులో నిలవడం ముఖ్యం. చుట్టుపక్కల ఆ ఒక్క ఫ్యాక్టరీ తప్ప వేరే పని లేని ఊళ్ళో ఉన్న మనిషికి తిరిగి చేరే హక్కు విలువైనది. వీళ్ళకు లే-ఆఫ్ మేలు, అదీ లే-ఆఫ్ పేరుతోనే, తేదీలతో రాతపూర్వకంగా ఉంటే. మరోవైపు పాత జీతాలే బాకీ ఉన్నప్పుడు, యంత్రాలు మరోచోటికి తరలిస్తున్నప్పుడు, పి.ఎఫ్. జమ చేయడం ఆపేసినప్పుడు ఎదురుచూడటంలో అర్థం లేదు. అటువంటి చోట ఆలస్యం చేస్తే రావలసింది కూడా రాదు. అప్పుడు తీసివేత పరిహారం అడిగి పుచ్చుకోవడమే తెలివైన పని. వేరే పని చూసుకోగల వయసు, నైపుణ్యం ఉన్న మనిషికి కూడా, కాళ్ళూ చేతులూ కట్టేసే సెలవుకన్నా లెక్కతేలిన తీసివేత మంచిది.

లే-ఆఫ్‌లో ఉన్న మనిషికి రెండు నియమాలు తెలిసి ఉండాలి. పని వేళకు రోజుకొకసారి ఫ్యాక్టరీకి వెళ్ళి కనిపించకపోతే పరిహారం నిరాకరించవచ్చు. "ఇంటి దగ్గరే ఉండండి" అని నోటితో చెప్పి, తరవాత "రాలేదు కాబట్టి డబ్బు లేదు" అనే యాజమాన్యాలకు ఇది ఆయుధం. రావక్కర్లేదంటే ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి, లేదా వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టి రావాలి. రెండోది, ఏడాదిలో 45 రోజుల లే-ఆఫ్ దాటాక, ఆపై రోజులకు పరిహారం అక్కర్లేదని కార్మికురాలు ఒప్పందం చేసుకుంటే ఆ హక్కు పోతుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాలని ఏ చట్టమూ బలవంతం చేయదు. 45 రోజుల తరవాత తీసేసే అధికారం యాజమాన్యానికి ఉంది. అప్పుడు ఆ ఏడాది ఇచ్చిన లే-ఆఫ్ డబ్బును తీసివేత పరిహారంలోంచి మినహాయించుకోవచ్చు.

ఎవరిని పంపాలన్న ప్రశ్న కూడా లింగవివక్ష లేని ప్రశ్న కాదు. తీసివేతలో చివర చేరిన వాళ్ళను ముందు తీయాలన్నది చట్టం చెప్పే సూత్రం. పైకి ఇది న్యాయంగా ఉంటుంది. యజమాని ఇష్టాయిష్టాల నుంచి కార్మికులను కాపాడుతుంది కాబట్టి దాన్ని మనం వదులుకోకూడదు. కాని ఈ లెక్క పని విభాగాల వారీగా జరుగుతుంది. చెకింగ్, దారాలు కత్తిరించడం, ప్యాకింగ్ వంటి విభాగాల్లో అందరూ ఆడవాళ్ళే ఉన్నప్పుడు, యంత్రాల దగ్గర మగవాళ్ళే ఉన్నప్పుడు, ఏ విభాగాన్ని తగ్గిస్తారన్న నిర్ణయంలోనే స్త్రీలను ఎంచుకోవడం జరిగిపోతుంది. ఇది కొత్త కాదు. బొంబాయి నూలు మిల్లుల్లో, కలకత్తా జనపనార మిల్లుల్లో, బొగ్గు గనుల్లో ఆధునికీకరణ పేరుతో స్త్రీల సంఖ్య ఎలా తరిగిపోయిందో 1974లోనే దేశంలో స్త్రీల స్థితిగతుల మీద ఏర్పడిన కమిటీ నివేదిక చూపించింది. ఆ స్త్రీలను ఎవరూ పోటీపడి ఓడించలేదు. వాళ్ళు చేసే పనులనే ముందుగా లేకుండా చేశారు. అందుకే ఉన్న పనిని అందరికీ వంతులవారీగా పంచాలన్న కోరిక మన వైపు నుంచి బలంగా రావాలి. నలభై మందిని మూడు నెలలు పూర్తిగా ఇంటికి పంపే బదులు, అందరూ, మగవాళ్ళతో సహా, వారంలో ఒకటి రెండు రోజులు తగ్గించుకోవడం కుదిరే చోట అదే న్యాయం.

ఇంతవరకు చెప్పిన హక్కులన్నీ చట్టం గోడ లోపల ఉన్నవాళ్ళవి. ఆ గోడ బయట ఉన్నవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. 50 మందికన్నా తక్కువ ఉన్న చోట లే-ఆఫ్ పరిహారం నియమాలు వర్తించవు. సీజను పరిశ్రమలకూ వర్తించవు. గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతాల్లో పొగాకు గ్రేడింగ్ చేసే స్త్రీలకు ఏళ్ళ తరబడి అదే కంపెనీలో పనిచేసినా సీజను ముగిస్తే ఏమీ లేదు. కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ళను అసలు యజమాని మావాళ్ళు కాదంటాడు.

అయినా 50 మంది లేరనగానే చేతులెత్తెయ్యనక్కర్లేదు. ఫైర్‌స్టోన్ టైర్ కంపెనీ కార్మికుల కేసులో 1976లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. నియామక షరతుల్లో గాని, స్టాండింగ్ ఆర్డర్లలో గాని, చట్టంలో గాని అధికారం లేనప్పుడు, జీతం లేకుండా కార్మికులను ఆపి ఉంచే హక్కు యజమానికి దానంతట అది రాదు. అటువంటప్పుడు ఆ రోజుల జీతం అడగవచ్చు. తీసివేత నోటీసు, పరిహారం నియమాలకైతే 50 మంది ఉండాలన్న షరతు లేదు. చిన్న యూనిట్లలో పనిచేసే స్త్రీలకు ఈ రెండు సంగతులు తప్పక చెప్పాలి.

ప్రైవేటు బడుల టీచర్ల పరిస్థితి వేరు. 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు టీచరు "కార్మికుల" నిర్వచనంలోకి రాదని తేల్చింది. అది ఒక స్త్రీ తన ఉద్యోగం కోసం వేసిన కేసే. ఆ తీర్పు ఫలితం 2020లో మనకు కళ్ళారా కనిపించింది. బడులు మూతపడ్డాక వేలమంది టీచర్లు, అందులో అధికభాగం స్త్రీలు, జీతం లేకుండా నెలల తరబడి ఉండిపోయారు. తీసేశామని ఎవరూ చెప్పలేదు. ఉన్నారనీ చెప్పలేదు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వాళ్ళకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఆ సాయం అవసరమే. కాని దయగా వచ్చింది, హక్కుగా రాలేదు.

బీడీ కార్మికులకు 1966 చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగా గుర్తించింది. ఆరు నెలలు పనిచేసిన వాళ్ళను తగిన కారణం, నెల నోటీసు లేకుండా తీయకూడదంది. అందుకే తీయరు. ఆకు తగ్గిస్తారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు భృతి మొదలుపెట్టినప్పుడు పి.ఎఫ్. నమోదు ఉన్నవాళ్ళకు, లేనివాళ్ళకు మధ్య గీత పడింది. వేరే మనిషి పి.ఎఫ్. కార్డు మీద, అత్తగారి పేరు మీద బీడీలు అప్పజెప్పిన కోడళ్ళు ఆ గీతకు అవతల ఉండిపోయారు. రిజిస్టరులో స్వంత పేరు ఉండటం ఎంత విలువైనదో అప్పుడు తెలిసింది.

పని తగ్గినప్పుడు నష్టం ఎవరు భరించాలన్నది చివరికి రాజకీయ ప్రశ్న. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ లాక్‌డౌన్ కాలానికి పూర్తి జీతం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి ఆ ఉత్తర్వు లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు ఆ కాలపు జీతాల సంగతి యాజమాన్యాలు, కార్మికులు చర్చించుకుని తేల్చుకోవాలంది. యూనియన్ లేని స్త్రీ యజమానితో ఏం చర్చిస్తుంది? అదే కాలంలో బ్రిటన్ ప్రభుత్వం పని ఆగిన ఉద్యోగుల జీతంలో 80 శాతం వరకు, ఒక పరిమితికి లోబడి, ఖజానా నుంచి ఇచ్చింది. 2021 సెప్టెంబర్ దాకా ఆ పథకం నడిచింది. మన దగ్గర ఇ.ఎస్.ఐ. కింద 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన నిరుద్యోగ భత్యాన్ని 2020లో వేతనంలో సగానికి పెంచారు. అది 90 రోజులకు మించదు. పైగా అది ఉద్యోగం పోయినవాళ్ళకు. జీతం లేని సెలవులో ఉన్న స్త్రీకి ఉద్యోగం పోలేదు, జీతమూ లేదు. రెండు రేవుల మధ్య పడవలో ఆమెను వదిలేశారు.

కొత్త కోడ్ ఈ స్థితిని కొన్నిచోట్ల ఇంకా బలహీనపరిచింది. ఫ్యాక్టరీల్లో లే-ఆఫ్‌కు, తీసివేతకు ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలన్న నియమం ఇదివరకు 100 మంది కార్మికులున్న చోట వర్తించేది. ఇప్పుడు 300 మంది ఉండాలి. నిర్ణీత కాలపు ఉద్యోగాలకు చట్టంలో చోటిచ్చారు. ఆ గడువు ముగిసి పంపిస్తే అది తీసివేత కిందికి రాదు. వాళ్ళకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు ఇవ్వడం మంచిదే. కాని ఏడాదికో కాగితం రాయించుకునే పద్ధతి పాకితే, ఎంచుకోవడానికి సెలవూ ఉండదు, తీసివేతా ఉండదు. గడువు ముగిసిందన్న ఒక్క మాట ఉంటుంది.

ఈ స్థితిలో మన సంస్థలు చేయగలిగిన పనులు ఉన్నాయి. వాటికి పెద్ద నిధులు అక్కర్లేదు. మొదటిది, "నా స్వంత కారణాల వల్ల" అన్న మాట ఉన్న ఏ సెలవు కాగితం మీదా సంతకం పెట్టవద్దని ప్రతి సమావేశంలో చెప్పాలి. సంతకం తప్పనిసరైతే "పని లేదని యాజమాన్యం చెప్పినందున" అని తన చేతితో రాసి పెట్టాలి. కాగితం నకలు తీసుకోవాలి, కనీసం ఫోనులో ఫొటో తీసుకోవాలి. రెండోది, జీతపు చీటీ, ఇ.ఎస్.ఐ. నంబరు, పి.ఎఫ్. నంబరు, చేరిన తేదీ ప్రతి స్త్రీ దగ్గరా స్వంతంగా ఉండేలా చూడాలి. మూడోది, ఒక్కొక్కరుగా మేనేజరు గదిలోకి వెళ్ళవద్దని, కలిసి వెళ్ళమని చెప్పాలి. లే-ఆఫ్ ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎవరిని, ఏ వరసలో అన్నవి రాతపూర్వకంగా అడగమనాలి. నాలుగోది, తీసివేత డబ్బు వస్తే అది ఆమె ఒక్కరి పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. ఆరేళ్ళ కష్టానికి వచ్చిన మొత్తం భర్త అప్పులోకో, ఆడపడుచు కట్నంలోకో ఒక్క రోజులో వెళ్ళిపోవడం మనందరం చూస్తున్నదే. ఐదోది, తీసేసిన చోట మళ్ళీ పని మొదలైతే పాతవాళ్ళనే ముందు పిలవాలన్న నియమం ఉంది. కొత్త కోడ్ దాన్ని ఏడాదికి కుదించింది. ఆ ఏడాది పొడుగునా ఆ గేటు మీద ఒక కన్ను వేసి ఉంచడం స్థానిక సంఘాలు చేయగల పని.

ప్రభుత్వాలను అడగవలసినవీ స్పష్టంగానే ఉన్నాయి. 50 మంది పరిమితి తొలగించాలి. సీజను కార్మికులకు, గృహ ఆధారిత కార్మికులకు పని లేని రోజుల భత్యం ఒక నిధి నుంచి ఇవ్వాలి. టీచర్లను రక్షణ పరిధిలోకి తేవాలి. పని లేదని యాజమాన్యం పంపిన ఏ రోజునైనా, దానికి ఏ పేరు పెట్టినా సరే, లే-ఆఫ్‌గానే పరిగణించాలని నియమాల్లో రాయాలి. ఈ చివరి కోరిక ఒక్కటి నెరవేరినా సెలవు కాగితాల వ్యవహారం చాలావరకు ముగుస్తుంది.

అంతదాకా మన దగ్గరికి వచ్చిన స్త్రీ "సెలవు పెట్టనా, తీసెయ్యమననా?" అని అడిగితే, ముందు ఆమె చేతిలో ఉన్న కాగితం చదువుదాం. ఎన్నేళ్ళ సర్వీసు ఉంది, ఫ్యాక్టరీ మళ్ళీ తెరుచుకునే సూచనలు ఉన్నాయా, గర్భిణా, ఎంతమంది పనిచేస్తున్నారు అని అడుగుదాం. లెక్క వేసి చూపిద్దాం. నిర్ణయం ఆమెదే. మీ ప్రాంతంలోని ఫ్యాక్టరీల్లో, బడుల్లో, కార్ఖానాల్లో ఈ సెలవు కాగితాలు ఏ మాటలతో వస్తున్నాయో, వాటిని ఎక్కడ ఎదుర్కోగలిగారో పేర్లు, ఆనవాళ్ళు లేకుండా పత్రికకు రాయండి. ఒకచోట పనికొచ్చిన జవాబు మరోచోటికి చేరాలి.